ఎన్‌కే కణాల జన్యు సవరణ: ఏ జన్యువును తీసేస్తే క్యాన్సర్ మీద పట్టు పెరుగుతుంది, దానికి మూల్యం ఏమిటి?

ఎంవీపీ మాస్టారు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ మధ్య మన విశాఖలో క్యాన్సర్ చికిత్స గురించి ఎక్కడ మాట వచ్చినా ఎన్‌కే కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల ప్రస్తావన వస్తోంది. జన్యువులు సవరించిన ఈ కణాలను ఎక్కిస్తే ఎంత ముదిరిన క్యాన్సరైనా కరిగిపోతుందన్నట్టు వాట్సాప్‌లో సందేశాలు తిరుగుతున్నాయి. వీటిని నమ్మి వైద్యం వాయిదా వేసుకునేవాళ్లూ, ఇదంతా బూటకమని కొట్టిపారేసేవాళ్లూ మన మధ్యే ఉన్నారు. రెండూ సరికాదు. జన్యువు జన్యువుగా విడదీసి, ఏది తేలింది, ఏది తేలలేదు అని నిదానంగా చర్చించుకుందామని ఈ అంశం పెడుతున్నాను.

ముందు మూలం చెబుతాను. 1975లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్‌జెల్, దాదాపు అదే కాలంలో అమెరికాలో రోనాల్డ్ హెర్బర్‌మన్ బృందం ఒక వింతను గమనించారు. ఎలుకల్లోని కొన్ని తెల్ల రక్తకణాలు ముందుగా టీకా లేకుండానే, ఏ పూర్వపరిచయమూ లేకుండానే క్యాన్సర్ కణాలను చంపుతున్నాయి. అందుకే వాటికి సహజ హంతక కణాలు (నేచురల్ కిల్లర్, అంటే ఎన్‌కే) అన్న పేరు వచ్చింది. మనం ఇక్కడ ఎన్‌కే కణాలనే అందాం. మన రక్తంలోని లింఫోసైట్లలో ఇవి సుమారుగా 5 నుంచి 15 శాతం ఉంటాయి.

అవి ఎవరిని చంపాలో ఎలా తెలుసుకుంటాయన్న ప్రశ్నకు 1986లో క్లాస్ కార్రే ఒక జవాబు ప్రతిపాదించారు. ఉక్కు కర్మాగారం గేటు దగ్గర కాపలా ఉన్న మనిషి లోపలికి వచ్చే వేలమంది ముఖాలను గుర్తుపెట్టుకోడు. మెడలో గుర్తింపు కార్డు ఉందా లేదా అన్నదే చూస్తాడు. ఎన్‌కే కణం కూడా ఎదుటి కణం ఉపరితలం మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే ఆగుతుంది, లేకపోతే, దానికి తోడు ఆ కణం ఒత్తిడిలో ఉన్నట్టు తెలిపే సంకేతాలు కూడా కనిపిస్తే, చంపుతుంది. హెచ్‌ఎల్‌ఏను చూసి శత్రుకణాన్ని గుర్తుపట్టే మరో రకం తెల్ల రక్తకణాలైన టీ కణాల చూపు తప్పించుకోవడానికి చాలా క్యాన్సర్ కణాలు హెచ్‌ఎల్‌ఏను తగ్గించుకుంటాయి. సరిగ్గా అప్పుడే అవి ఎన్‌కే కణాలకు దొరికిపోవాలి. మరి అన్నిసార్లూ ఎందుకు దొరకడం లేదన్నదే అసలు ప్రశ్న. తెలిసినవారు ముందుకు రావాలని కోరుతున్నాను.

గాజువాక:

మాస్టారూ, నమస్కారం. నేను సైన్సు చదివినవాడిని కాను. మా బావగారికి లింఫోమా. మొదటి విడత కీమో తరువాత తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. పుట్టుకతోనే చంపే గుణం ఉన్న కణాలకు మళ్లీ ఈ సవరణ ఎందుకు? వాటిని ఎక్కువ సంఖ్యలో పెంచి ఎక్కిస్తే సరిపోదా? నా ప్రశ్న మరీ చిన్నదైతే మన్నించండి.

సీతమ్మధార ప్రయోగశాల:

గాజువాక గారూ, మీరు అడిగింది చిన్న ప్రశ్న కాదు, ఈ రంగమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. రోగనిరోధక శాస్త్రంలో పరిశోధన చేసి, ప్రస్తుతం కణాలను పెంచే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

ఎన్‌కే కణాలను సంఖ్యలో పెంచడం ఇప్పుడు కష్టం కాదు. కే562 అనే రక్తక్యాన్సర్ కణజాతిని కొద్దిగా మార్చి, విభజన చెందకుండా రేడియేషన్ ఇచ్చి, తోడుగా వేస్తే ఎన్‌కే కణాలు రెండు మూడు వారాల్లో వందల, వేల రెట్లు పెరుగుతాయి. చిక్కు వాటిని శరీరంలోకి పంపిన తరువాత వస్తుంది. ఒకటి, అవి ఎక్కువ కాలం బతకవు. రెండు, కణితి వాటిని నిద్రపుచ్చుతుంది. మూడు, ఎవరిని కొట్టాలో వాటికి ప్రత్యేకమైన గురి ఉండదు. జన్యు సవరణ ఈ మూడింటి మీదా పనిచేయడానికి చూస్తోంది.

బతకడం సంగతి ముందు చూద్దాం. ఎన్‌కే కణాలు నిలబడాలంటే ఇంటర్‌ల్యూకిన్-15, అంటే ఐఎల్-15 అనే సంకేత ప్రోటీన్ కావాలి. అయితే ఆ సంకేతం అందగానే కణం తనంతట తానే సీఐఎస్ అనే ఇంకో ప్రోటీన్‌ను తయారుచేసి సంకేతాన్ని ఆర్పేస్తుంది. ఆరోగ్యవంతుడిలో ఇది మంచి ఏర్పాటే. లేకపోతే ఎన్‌కే కణాలు అదుపు తప్పే ప్రమాదం ఉండవచ్చు. 2016లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఎలుకల్లో ఈ ప్రోటీన్‌కు మూలమైన సీఐఎస్‌హెచ్ జన్యువును తీసేసి చూస్తే, ఎన్‌కే కణాలు చాలా తక్కువ ఐఎల్-15కే స్పందించాయి, క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకడం బాగా తగ్గింది. 2021లో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కేటీ రెజ్వానీ బృందం బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన మానవ ఎన్‌కే కణాల్లో ఇదే జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తొలగించింది. కణాలు చక్కెరను ఎక్కువగా వాడుకుంటూ చురుకుగా పనిచేశాయి, ఎలుకల్లో ఎక్కువ కాలం నిలిచాయి.

కణితి నిద్రపుచ్చే సంగతికి వస్తే, గట్టి కణితులు టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌ను చుట్టుపక్కల నింపుతాయి. అది తగిలిన ఎన్‌కే కణం మీద శత్రువును పసిగట్టే గ్రాహకాలు తగ్గిపోతాయి. ఆ టీజీఎఫ్-బీటాను పట్టుకునే గ్రాహకం జన్యువునే తీసేస్తే, చుట్టూ ఎంత ఉన్నా కణానికి అది సోకదు. మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా మీద ఈ పద్ధతి ప్రయోగశాలలోనూ ఎలుకల్లోనూ ఫలితం చూపింది. ఇంకొకటి ఎన్‌కేజీ2ఏ, ఎన్‌కే కణం మీద ఉండే గ్రాహకం. చాలా క్యాన్సర్లు మామూలు హెచ్‌ఎల్‌ఏను తగ్గించుకుంటూనే హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే రకాన్ని మాత్రం పెంచుకుంటాయి. అది ఎన్‌కేజీ2ఏను తాకి ‘ఆగు’ అన్న సంకేతం ఇస్తుంది. మాస్టారు అడిగిన ప్రశ్నకు ఒక జవాబు ఇదే. అందుకే ఎన్‌కేజీ2ఏ జన్యువును తొలగించే ప్రయత్నాలు అనేకచోట్ల జరుగుతున్నాయి.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే సవరణలు ఇంకో రెండు ఉన్నాయి. మల్టిపుల్ మైలోమా అనే రక్తక్యాన్సర్‌కు ఇచ్చే డారాటుముమాబ్ అనే మందు సీడీ38 అనే గుర్తును వెతికి పట్టుకుంటుంది. ఎన్‌కే కణాల మీద కూడా సీడీ38 దండిగా ఉండటం వల్ల మందు వాటికే అంటుకుంటుంది. పక్కనున్న ఎన్‌కే కణాలు దాన్ని చూసి తోటి కణాలనే చంపేస్తాయి. సీడీ38 జన్యువును తీసేస్తే ఈ అన్నదమ్ముల పోరు ఆగుతుంది, మందు, కణాలు కలిసి క్యాన్సర్ మీదికే వెళ్తాయి. రెండోది సీడీ16. యాంటీబాడీ మందులను ఎన్‌కే కణం పట్టుకునేది దీనితోనే. కణం ఉత్తేజితం కాగానే ఏడీఏఎం17 అనే ఎంజైము దాన్ని కత్తిరించి పారేస్తుంది. ఆ ప్రోటీన్‌లో 197వ స్థానంలో సెరీన్ బదులు ప్రోలిన్ పెడితే ఎంజైముకు కోత పడదు. ఒక్క అమైనో ఆమ్లం మార్పుతో కణం తన ఆయుధాన్ని జారవిడుచుకోకుండా ఉంటుంది.

ఇక పని ఎలా జరుగుతుందంటే, క్రిస్పర్‌లో కోత కోసే క్యాస్9 ప్రోటీన్‌ను, దానికి దారి చూపే ఆర్‌ఎన్‌ఏను ముందే కలిపి, కణాలున్న చిన్న పాత్రలో పోసి, క్షణకాలం విద్యుత్తు పంపుతాం. కణపు పొరలో సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుని అది లోపలికి చేరుతుంది. ఎన్‌కే కణాలు బయటి డీఎన్‌ఏను అసలు సహించవు, వైరస్ వాహకాలను కూడా సులభంగా లోపలికి రానివ్వవు. అందుకే ఈ రంగం టీ కణాల కంటే వెనకబడింది. మర్నాడు నీలం రంగు కలిపి సూక్ష్మదర్శినిలో లెక్కిస్తే చనిపోయినవి రంగు పీల్చుకుని ముదురు నీలంగా, బతికినవి మెరుస్తూ గుండ్రంగా కనిపిస్తాయి. మొదట్లో నీలం చుక్కలే ఎక్కువ కనిపిస్తాయి. విద్యుత్తు మోతాదు, కణాలు వేసే సమయం సరిచూసుకుంటూ పోతేగానీ బతికినవాటి సంఖ్య పెరగదు. ఏ జన్యువును తీయాలన్నది పుస్తకంలో తేలికే, కణాన్ని చంపకుండా తీయడమే అసలు విద్య.

పెదవాల్తేరు వైద్యురాలు:

సీతమ్మధార గారు చక్కగా వివరించారు. రక్తక్యాన్సర్ రోగులను చూసే వైద్యురాలిగా ఇంకో కోణం చేర్చాలి. ప్రయోగశాలలో రుజువైనదీ, మనిషిలో రుజువైనదీ వేరువేరు. ఆ గీత చెరిగిపోతే రోగులే నష్టపోతారు.

మనుషుల్లో ఏం జరిగిందో వరసగా చెబుతాను. 2005లో మిన్నెసోటాలో జెఫ్రీ మిల్లర్ బృందం ఏ సవరణా లేని ఎన్‌కే కణాలను, సగం జోడీ కుదిరే బంధువుల నుంచి తీసి, అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా ఉన్నవారికి ఎక్కించింది. ఆశలు తక్కువగా ఉన్న 19 మందిలో 5 మందికి జబ్బు పూర్తిగా కనబడకుండా పోయింది. కొత్త కణాలు రోగి శరీరం మీద దాడి చేయలేదన్నది అప్పట్లో పెద్ద విషయం. పరాయి టీ కణాలైతే ఆ ప్రమాదం పొంచి ఉంటుంది.

2020లో హ్యూస్టన్ బృందం బీ కణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తు మీద గురి పెట్టే కృత్రిమ గ్రాహకాన్ని, అంటే కార్‌ను, దానితోపాటు ఐఎల్-15 జన్యువును బొడ్డుతాడు ఎన్‌కే కణాల్లో చేర్చి, లింఫోమా, దీర్ఘకాలిక ల్యుకేమియా ఉన్న 11 మందికి ఇచ్చింది. 8 మందిలో స్పందన కనిపించింది, వారిలో 7 మందికి జబ్బు పూర్తిగా కనబడలేదు. టీ కణాల్లో కార్‌ను చేర్చే కార్-టీ చికిత్సలో భయపెట్టే తీవ్రమైన జ్వరం, రక్తపోటు పడిపోవడం, మతి తప్పడం వంటివి కనిపించలేదు. 2024లో ఇదే చికిత్స 37 మందికి ఇచ్చిన ఫలితాలు వచ్చాయి. సుమారు 48.6 శాతం మందిలో స్పందన ఉంది. ఏడాదికి 68 శాతం మంది బతికి ఉన్నారు, అయితే జబ్బు పెరగకుండా ఉన్నవారు 32 శాతమే. మొదటి 11 మందిలో కనిపించిన ఉత్సాహం సంఖ్య పెరిగేసరికి కొంత తగ్గింది. చిన్న అధ్యయనాలను చూసి తొందరపడకూడదని మేము చెప్పేది ఇందుకే.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ రెండు పరీక్షల్లోనూ జన్యువును చేర్చారు, తీసేయలేదు. రెట్రోవైరస్ వాహకంతో కార్‌ను లోపల పెట్టారు. క్రిస్పర్‌తో సీఐఎస్‌హెచ్‌నో, ఎన్‌కేజీ2ఏనో తొలగించలేదు. కాబట్టి ‘హ్యూస్టన్‌లో జన్యువులు కత్తిరించి క్యాన్సర్ తగ్గించారు’ అని ఎవరైనా చెబితే రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారని అర్థం. తొలగింపు సవరణలు చేసిన కణాలు మనుషుల్లో పరీక్షకు వెళ్లిన మాట నిజమే, కానీ సవరణ చేసిన, చేయని కణాలను పక్కపక్కన పెట్టి పోల్చిన పెద్ద పరీక్ష ఇంకా రాలేదు.

కంచరపాలెం:

ఒక్క సందేహం. జన్యువును కోసేటప్పుడు పొరపాటున వేరే జన్యువు తెగితే ఆ కణమే క్యాన్సర్ కణంగా మారదా? మా ఇంట్లో అమ్మకు ఏ కొత్త చికిత్స గురించి చెప్పినా మొదట అడిగేది ఇదే.

సీతమ్మధార ప్రయోగశాల:

అమ్మగారు అడిగింది సరైన ప్రశ్న. క్యాస్9 డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంచుతుంది. ఒకేసారి మూడు నాలుగు జన్యువులు తెంచితే, తెగిన కొసలు ఒకదాని బదులు ఇంకొకదానికి అతుక్కుని క్రోమోజోములు తారుమారయ్యే అవకాశం ఉంది. అందుకే రెండు పోగులనూ తెంచకుండా ఒక్క అక్షరాన్ని మాత్రమే మార్చే పద్ధతి మీద చాలామంది దృష్టి పెట్టారు. 2016లో డేవిడ్ లియు ప్రయోగశాల దాన్ని తొలిసారి చూపింది. ఒకేసారి అనేక సవరణలు కావలసినప్పుడు ఈ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇంకో మార్గం ఉంది. మూలకణ స్థితికి మళ్లించిన ఒక్క కణంలో సవరణలన్నీ చేసి, దాని జన్యుపటాన్నంతా చదివి, ఏ తేడా లేదని తేల్చుకున్నాక, దాని నుంచే కోట్ల ఎన్‌కే కణాలను తయారుచేయడం. అప్పుడు ప్రతి మోతాదులోనూ ఒకే రకం కణాలు ఉంటాయి. పరిణతి చెందిన ఎన్‌కే కణాలు ఏళ్ల తరబడి శరీరంలో స్థిరపడే స్వభావం ఉన్నవి కావు కాబట్టి ప్రమాదం కొంత తక్కువ. కానీ మనమే ఐఎల్-15 చేర్చి, సీఐఎస్‌హెచ్ తీసేసి వాటి ఆయుష్షు పెంచుతున్నాం, కనుక ఆ ధీమా మీద మరీ ఆధారపడకూడదు. ఐఎల్-15 ఎక్కువగా విడుదల చేసే కార్-ఎన్‌కే కణాలు కొన్ని ప్రయోగాల్లో ఎలుకలకు ప్రాణాపాయం తెచ్చాయి. హ్యూస్టన్ బృందం తమ కణాల్లో క్యాస్పేస్-9 మీటను ముందుగానే అమర్చింది. ఇబ్బంది వస్తే ఒక మందు ఇచ్చి ఆ కణాలను చంపేయవచ్చు. 2020 పరీక్షలో దాన్ని వాడవలసిన అవసరం రాలేదు.

భీమిలి:

ఇక్కడ కొంచెం విభేదించక తప్పడం లేదు. నేను ఔషధ పరిశ్రమలో పనిచేశాను, ఈ రంగాన్ని చాలాకాలంగా గమనిస్తున్నాను. ప్రతి ఏడాదీ ఒక కొత్త జన్యువు పేరు వస్తోంది. నిన్న సీఐఎస్‌హెచ్, ఇవాళ క్రెమ్. అన్నీ ఎలుకల్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఆ ఎలుకలు ఎలాంటివి? మానవ కణాలను తిరస్కరించకుండా ఉండటానికి సొంత రోగనిరోధక వ్యవస్థే లేకుండా పెంచినవి. అక్కడ పరాయి ఎన్‌కే కణం ఎంతకాలం నిలిచిందని చూసి సంబరపడితే, అసలు రోగిలో దానికి ఎదురయ్యే మొదటి శత్రువును మనం లెక్కలోకే తీసుకోలేదన్నమాట. మనిషిలో కీమోతో అణిచిన టీ కణాలు కొద్ది వారాల్లో తిరిగి లేస్తాయి, పరాయి ఎన్‌కే కణాలను గుర్తించి తుడిచేస్తాయి. అప్పటికి క్యాన్సర్ మిగిలి ఉంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

పరిశ్రమ కూడా ఈ సెగ చూసింది. మూలకణాల నుంచి సవరించిన ఎన్‌కే కణాలు తయారుచేయడంలో ముందున్న శాన్‌డియాగో సంస్థ ఫేట్ థెరప్యూటిక్స్‌కు 2023 జనవరిలో జాన్సెన్ అనే ఔషధ సంస్థతో ఉన్న ఒప్పందం రద్దయింది. ఆ సంస్థ సిబ్బందిని పెద్ద ఎత్తున తగ్గించుకుని, పరీక్షల్లో ఉన్న కొన్ని ఎన్‌కే ఉత్పత్తులను నిలిపివేసింది. సవరణ కౌశలానికి లోటు లేని చోటే ఇలా జరిగింది. కణానికి ఎన్ని నగలు తొడిగినా, అది రోగి శరీరంలో నిలబడకపోతే ప్రయోజనం ఏముంది? గట్టి కణితుల్లోకి అవి తగినంతగా చేరడం లేదన్నది దీనికి అదనం.

సీతమ్మధార ప్రయోగశాల:

భీమిలి గారూ, మీ ఆక్షేపణలో చాలా భాగంతో ఏకీభవిస్తాను. తిరస్కరణే ఇవాళ అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. ముగింపుతో మాత్రం ఏకీభవించను, ఎందుకంటే ఆ అడ్డంకి మీద కూడా పని సవరణ ద్వారానే జరుగుతోంది. అందులో ఉన్న మెలిక ఎంతో ఆసక్తికరమైనది.

రోగి టీ కణాలు పరాయి కణాన్ని గుర్తించేది హెచ్‌ఎల్‌ఏ తేడాల వల్ల. కాబట్టి ఎన్‌కే కణం నుంచి హెచ్‌ఎల్‌ఏనే తీసేద్దామని, దానికి ఆధారమైన బీటా-2 మైక్రోగ్లోబులిన్ జన్యువును తొలగించారు. టీ కణాలకు అది కనబడకుండా పోయింది. కానీ మాస్టారు మొదట్లో చెప్పిన సూత్రం ప్రకారం హెచ్‌ఎల్‌ఏ లేని కణాన్ని రోగి సొంత ఎన్‌కే కణాలు కొడతాయి. ఒక వైపు నుంచి తప్పించుకుంటే ఇంకో వైపు దొరికిపోయింది. అందుకని హెచ్‌ఎల్‌ఏ-ఈ ఒక్కదాన్నే తిరిగి అమర్చారు. రోగి ఎన్‌కే కణాల మీదున్న ఎన్‌కేజీ2ఏ దాన్ని చూసి ఆగుతుంది. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. ఎన్‌కేజీ2సీ అనే గ్రాహకం అదే హెచ్‌ఎల్‌ఏ-ఈని చూసి ఆగకపోగా దాడికి దిగుతుంది. సైటోమెగాలో వైరస్ సోకినవారిలో ఎన్‌కేజీ2సీ ఉన్న కణాలు ఎక్కువగా కనిపిస్తాయి. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. ఆ వైరస్ తక్కువగా ఉన్న దేశాల్లో కుదిరిన సవరణ మన రోగుల్లో అలాగే కుదురుతుందని ముందే అనుకోవడానికి వీల్లేదు. ఇలాంటి కారణం వల్లే ఈ పరీక్షలు మన దగ్గర కూడా జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మీరు ఏటా కొత్త జన్యువు పేరు వస్తోందన్నారు. నిజమే, కానీ ఎంపిక చేసే తీరు మారింది. ముందు ఒక జన్యువును ఊహించి తీసి చూసేవారు. ఇప్పుడు మానవ ఎన్‌కే కణాల్లో జన్యువులన్నిటినీ ఒక్కొక్కటిగా తొలగించిన కణాల సమూహాన్ని తయారుచేసి, క్యాన్సర్ కణాలతో పదేపదే తలపడనిచ్చి, చివరికి ఏవి నిలిచాయో చదువుతున్నారు. 2025లో హ్యూస్టన్ బృందం ఇలా జల్లెడ పట్టి మెడ్12, ఏరిహెచ్2, సీసీఎన్‌సీ అనే జన్యువులను గుర్తించింది. ఇవి ఫలానా జన్యువు అని ముందుగా ఊహించి వెతికితే దొరికినవి కావు. క్రెమ్ సంగతి కూడా మరీ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మనం బలం కోసం చేర్చిన కార్, ఐఎల్-15 రెండూ కలిసి ఆ జన్యువునే మేల్కొల్పి కణాన్ని వెనక్కి లాగుతున్నాయని తేలింది.

గాజువాక:

అందరికీ కృతజ్ఞతలు. కొంత అర్థమైంది, కొంత మళ్లీ చదువుకోవాలి. ఇప్పుడు అసలు సంగతి అడుగుతాను. బావగారి రక్తం తీసి, అందులోని ఎన్‌కే కణాలను పెంచి, ‘జన్యుపరంగా బలపరిచి’ తిరిగి ఎక్కిస్తామని ఒక కేంద్రం వాళ్లు చెబుతున్నారు. ఆరు విడతలట, అనేక లక్షలు అడుగుతున్నారు. మా అక్క ఇల్లు తాకట్టు పెడదామంటోంది. డాక్టరు గారూ, ఏం చేయమంటారు?

పెదవాల్తేరు వైద్యురాలు:

గాజువాక గారూ, ముందు అక్కగారిని తాకట్టు పత్రాల మీద సంతకం పెట్టకుండా ఆపండి. ఆ తరువాత ఆ కేంద్రాన్ని మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి.

భారత క్లినికల్ పరీక్షల నమోదు పట్టికలో, అంటే సీటీఆర్ఐలో, ఈ చికిత్స నమోదు సంఖ్య ఎంత? ఆ పట్టిక అందరికీ తెరిచి ఉంటుంది. సంఖ్య ఇస్తే మీరే ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. రెండోది, కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి పత్రం ఉందా? జన్యువులు మార్చిన కణాలు మన చట్టం ప్రకారం కొత్త ఔషధాలు. 2019లో వచ్చిన కొత్త ఔషధాల నియమావళి, అదే ఏడాది వచ్చిన జన్యు చికిత్సల జాతీయ మార్గదర్శకాలు వాటికి వర్తిస్తాయి. మూడోది, ఏ జన్యువును సవరిస్తున్నారు, సవరణ ఎంత శాతం కణాల్లో జరిగిందని ఎలా పరీక్షిస్తున్నారు? నిజంగా ఆ పని చేసేవారైతే దీనికి ఒక్క నిమిషంలో జవాబు చెబుతారు. ఇది పరిశోధన అయితే పరిశోధన ఖర్చు రోగి మీద వేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. అనుమతి పొందిన చికిత్స అని చెబితే, నాకు తెలిసినంతలో మన దేశంలో అనుమతి పొందిన జన్యు సవరణ ఎన్‌కే చికిత్స ఏదీ లేదు. అమెరికాలో కూడా కార్-ఎన్‌కే ఇంకా పరీక్షల దశలోనే ఉంది.

బావగారికి ఏ దారీ లేదని మాత్రం అనుకోకండి. తిరగబెట్టిన బీ కణాల లింఫోమాకు మన దేశంలోనే తయారైన కార్-టీ చికిత్స ఉంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి దాన్ని ప్రారంభించారు. అది ఎన్‌కే కణాలది కాదు, రోగి సొంత టీ కణాలది. విదేశాల కంటే ఖర్చు చాలా తక్కువే అయినా మనకు అది భారమే, పదుల లక్షల్లోనే ఉంటుంది. దానికి ముందు రెండో వరస కీమో, ఆ తరువాత సొంత మూలకణాల మార్పిడి అన్న మార్గం ఆయనకు పనికొస్తుందేమో చూడాలి. బయాప్సీ బ్లాకులు, పెట్ స్కాన్ సీడీ, ఇంతవరకు ఇచ్చిన మందుల వివరాలు తీసుకుని అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో రెండో అభిప్రాయం అడగండి. అది టాటా మెమోరియల్ కేంద్రానికి చెందినదే, మీ ఇంటికి దగ్గర కూడా. లింఫోమా ఏ రకమో, సీడీ19, సీడీ20 పరీక్షల్లో ఏమని వచ్చిందో ఆ నివేదికలో ఉంటుంది. దాని ఫొటో ఇక్కడ పెట్టకండి, పేరు తదితర వివరాలు బయటపడతాయి. రకం పేరు మాత్రం రాస్తే నాకు తోచింది చెబుతాను.

ఆరిలోవ:

డాక్టరు గారూ, దీనికి ముడిపడిన ప్రశ్నే. మా కోడలికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెడితే రేపు అదే బిడ్డకు ఎన్‌కే కణాలు తయారుచేసుకోవచ్చని ఒక ఏజెంటు చెబుతున్నాడు. డబ్బు కట్టమంటారా?

పెదవాల్తేరు వైద్యురాలు:

అవసరం లేదండీ. హ్యూస్టన్‌లో వాడినది రోగి సొంత బొడ్డుతాడు రక్తం కాదు, దాతల బ్యాంకు నుంచి తీసుకున్నది. ఎన్‌కే కణాలు పరాయివారివైనా పనికొస్తాయన్నదే ఈ చికిత్స గొప్పతనం. పైగా 2024 ఫలితాల్లో తేలిన ముఖ్యమైన సంగతి, అన్ని బొడ్డుతాడు రక్తాలూ సమానం కావన్నది. కాన్పు అయిన 24 గంటల్లోపు అతిశీతలంలో ఘనీభవింపజేసి, కేంద్రకం ఉన్న ఎర్ర రక్తకణాలు తక్కువగా ఉన్న నమూనాల నుంచి చేసిన కణాలే రోగులకు ఎక్కువ మేలు చేశాయి. బిడ్డ భవిష్యత్ అవసరం కోసమంటూ డబ్బు కట్టి దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధన మండలి కూడా సిఫారసు చేయడం లేదు.

ఏయూ విద్యార్థిని:

నమస్కారం. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం చదువుతున్నాను. ఈ చర్చ చదివాక ఎన్‌కే కణాల మీదే ప్రాజెక్టు చేయాలనిపిస్తోంది. కానీ క్రిస్పర్ సవరణ, కణాల పెంపకం, ఎలుకల ప్రయోగాలు మా స్థాయిలో కుదరవు. విశాఖలో కూర్చుని చేయగల పనేదైనా ఉందా, మాస్టారూ?

ఎంవీపీ మాస్టారు:

తప్పకుండా ఉందమ్మా. హెచ్‌ఎల్‌ఏను చూసి ఎన్‌కే కణాన్ని ఆపే, ప్రేరేపించే గ్రాహకాల్లో కిర్ అనే జన్యు కుటుంబం ఉంది. అది మనిషికీ మనిషికీ విపరీతంగా మారుతుంది. స్థూలంగా ఏ, బీ అని రెండు రకాల అమరికలు చెబుతారు. ఏలో ఆపే గ్రాహకాలే ఎక్కువ, బీలో ప్రేరేపించేవి ఎక్కువ. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాకు బయటి దాతల నుంచి మూలుగ మార్పిడి చేసినప్పుడు, దాతకు బీ రకం అమరిక ఉంటే జబ్బు తిరగబెట్టడం తగ్గిందని మిన్నెసోటా పరిశోధకులు 2009, 2010 సంవత్సరాల్లో చూపారు. భారతీయుల్లో బీ రకం ఎక్కువగా కనిపిస్తుందని మునుపటి అధ్యయనాలు చెబుతున్నాయి. ఎన్‌కే కణాల దాతను ఎంచుకునేటప్పుడు, ఏ జన్యువును సవరించాలో నిర్ణయించేటప్పుడు ఆ దాతకు ఏ కిర్ జన్యువులు ఉన్నాయన్నది మొదటి సమాచారం. ఉత్తరాంధ్రలో తీరప్రాంత మత్స్యకారుల్లో, మన్యంలోని గిరిజనుల్లో, మైదాన ప్రాంతాల్లో ఈ అమరికలు ఎలా ఉన్నాయని జాగ్రత్తగా లెక్కించిపెట్టే పని నీలాంటివాళ్లు చేయదగ్గది.

దీనికి రెండు మిల్లీలీటర్ల రక్తం, డీఎన్‌ఏ వేరుచేసే కిట్టు, పీసీఆర్ యంత్రం చాలు. ఒక్కో కిర్ జన్యువుకు ప్రత్యేకమైన ప్రైమర్లతో పీసీఆర్ చేసి, జెల్ మీద పట్టీ వచ్చిందా లేదా చూడటమే. అదే నమూనాలో హెచ్‌ఎల్‌ఏ-సీ రకం కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే కిర్ ఒక్కటే ఉంటే సగం సమాచారమే దొరికినట్టు.

సీతమ్మధార ప్రయోగశాల:

మాస్టారు చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. నమూనాలు తీయకముందే నైతిక సంఘం అనుమతి తీసుకోండి, సమ్మతి పత్రం తెలుగులో రాయించండి. గిరిజన గ్రామాల్లో అయితే వారి భాషలో చదివి వినిపించి, పెద్దల సమక్షంలో ఒప్పుకోలు తీసుకోండి. ప్రతి పీసీఆర్ గుత్తిలోనూ కిర్ రకం ముందే తెలిసిన డీఎన్‌ఏ ఒకటి పక్కన వేయడం మరిచిపోవద్దు, లేకపోతే పట్టీ రాకపోవడం జన్యువు లేకపోవడం వల్లా, పీసీఆర్ విఫలం కావడం వల్లా అన్నది తేల్చలేరు. అలాంటి డీఎన్‌ఏ మా దగ్గర ఉంది. మీ మార్గదర్శక ఆచార్యుల ద్వారా ఉత్తరం పంపితే ఇస్తాను.